జోహార్ సక్రు

బంతిపూల దండలో పసుపు కాస్త ఎక్కువైంది, కంప్యూటర్లో ఇంత గాఢంగా లేదు, అయినా ముఖం బాగా వచ్చింది, కాలేజీ కార్డు మీది చిన్న ఫొటోను ఇంత పెద్దది చేస్తే మసకబారాలి, కళ్ల దగ్గర ఎంతసేపు కూర్చున్నానో, అనుకుంటూ మానుకోట సెంటర్లో బండి ఆపి నేను డిజైన్ చేసిన ఫ్లెక్సీని నేనే చూసుకుంటున్నాను, సకల జనుల సమ్మె, ఒక్క పూల కొట్టు తప్ప దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, అద్దాల రైక వేసుకున్న తండా ఆమె ఒకతె చేతిలో స్టీలు గిన్నెతో దాని కిందే నిలబడి ఉంది, బిడ్డా నీకు సదువచ్చు గదా, గాడ ఏం రాసిండ్రో జర చెప్పు అంది, గొంతు తగ్గించి అమరుడు సక్రుకు జోహార్లు అని రాసి ఉందవ్వా అన్నాను, నీకు తెలిసిన పిలగాడా అని అడిగితే, నా కొడుకు అంది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది, సచ్చిపోయినోళ్లకే గదా జోహార్లనేది అంది, తల ఊపాను, ఆమె గిన్నె వైపు చూసి, తెల్లారకముందు జావ తాపిన, మింగిండు, యాడీ అని నన్ను పిలిచిండు, బట్టలు తెచ్చుకుందమని రైలెక్కిన, నేనిట్ల రాంగనే పోయిండా, ఈళ్లకెట్ల తెలిసింది, నాకెవ్వలు చెప్పకపాయె, అంటూ రోడ్డు మీదే కూలబడింది, తెల్లవారుజామున జావ తాగాడా, అదెలా, పార్టీ లీడరు జగపతన్న మా ఫ్లెక్సీ షాపుకు వచ్చింది నిన్న సాయంత్రం కదా, ర్యాలీల జీపు మీదికెంచి పడ్డ పిలగాడు వరంగల్ దవాఖానల పోయిండమ్మా, పొద్దుగాల్లకు ఫ్లెక్సీ కట్టాలె, నా ఫొటో జర కనవడేటట్టు పెట్టు అన్నాడు, ఆయన చేతులు జోడించిన ఫొటో ఏరి పిల్లాడి ముఖమంత పెట్టాను, సాయంత్రం పోయిన వాడు తెల్లారి అమ్మను ఎలా పిలుస్తాడు.

జగపతన్నకు ఫోన్ చేసి పిల్లాడు బతికే ఉన్నాడట కదన్నా అన్నాను, ఏడ ఆగుతడమ్మా, డాక్టర్లు లాభం లేదన్నరంట, రేపో ఎల్లుండో గదా, ఆలస్యం చేస్తే అవతలి పార్టోళ్లు ముందుగాల కడ్తరు, నీకెందుకు, డిజైన్ మంచిగొచ్చింది, అని మామూలు గొంతుతో అన్నాడు, ఫోన్ పెట్టేసి, దవాఖానలో ఎవరున్నారవ్వా అంటే మా ఆయన భోజ్యా అని కొంగు ముడిలోంచి నంబరు రాసిన చీటీ తీసింది, ఆ నంబరుకు చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తవేం, ఎత్తు, ఎత్తాడు, సక్రు ఎట్లున్నడు బాపూ అంటే పండుకున్నడు బిడ్డా, ఇప్పుడే పెద్ద డాక్టరు చూసి పోయిండు, నువ్వెవలు అన్నాడు, ఫోన్ ఆమె చెవికి పెట్టాను, వాళ్ల భాషలో ఏదో అడిగింది, మళ్లీ అడిగింది, అప్పుడు ఏడ్చింది.

పూల కొట్టు దగ్గర కత్తి అడిగి ఫ్లెక్సీ కింది గద్దె ఎక్కి దాని తాళ్లు కోశాను, జగపతన్న మనుషులు ఏయ్ సంధ్యా ఏం చేస్తున్నవ్ అని అరుస్తున్నారు, అరవనీ, ఫ్లెక్సీ సగం మడత పడి రోడ్డు మీద పడింది, దిగి వచ్చి, ఇది చేసింది నేనే అవ్వా అన్నాను, కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది, నా ముఖంలోకి చూసి, నా కండ్లతోని సూసి వచ్చిన బిడ్డా, గంత పెద్దగ రాసిండ్రంటె గదే నిజమేమో అనుకున్న, అంది, లేచి స్టేషన్ వైపు మళ్లీ నడిచింది, బట్టల మాట మరిచిపోయింది, నేను ఆమె వెనకే నడుస్తున్నాను, కన్నతల్లి, కొడుక్కి జావ తాగించి వచ్చిన తల్లి, తన కళ్లను కాదని నేను రాసిన దాన్ని నమ్మింది.