పొంగిన సబ్బు ఎవరిది?

నురగ సొంత బామ్మర్ది కాకపోయి ఉంటే, జిడ్డు ఈపాటికి వాణ్ణి వాడి సబ్బు బానలోనే ఉతికి ఆరేసి ఉండేవాడు. ఏం చేస్తాడు, కట్టుకున్నదాని తమ్ముడు. పైగా ఇద్దరికీ ఒకటే రేకుల షెడ్డు. మామగారు పోతూ పోతూ అల్లుడికి సగం, కొడుక్కి సగం రాశాడు గానీ, మధ్యలో ఒక గోడ లేపాలన్న జ్ఞానం ఆయనకు లేకపోయింది.

కిటికీ ఉన్న సగం జిడ్డుది. లారీల్లోంచి తీసేసిన నల్లటి ఇంజనాయిలు కొని, కాచి, వడకట్టి, తేటపరిచి మళ్లీ అమ్మడం అతని పని. చీకటి సగం నురగది. వాడు కొవ్వూ కాస్టిక్కూ కలిపి బట్టల సబ్బు వండుతాడు. అంటించేవాడొకడు, వదిలించేవాడొకడు అని నవ్వుకుని వీధివాళ్లే ఈ పేర్లు పెట్టారు. అసలు పేర్లు కరెంటు బిల్లు తెచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తు లేవు.

ఒక మధ్యాహ్నం నురగ పొయ్యి మీద బాన వదిలేసి ఫోనులో ముచ్చట్లకు దిగాడు. సబ్బు పొంగి, అంచు దాటి, పక్కనే కాగుతున్న జిడ్డు కళాయిలోకి దిగింది. నలభై లీటర్ల తేట నూనెలోకి రెండు బకెట్ల సబ్బు. జిడ్డు గరిటె పట్టుకుని కలియబెట్టేసరికే అది గుజ్జయి కూర్చుంది.

"ఏరా, కళ్లు నెత్తికెక్కాయా?"

"నీ కళాయి నా పొయ్యికి అంత దగ్గరగా ఎవరు పెట్టమన్నారు బావా?"

"నా కళాయి నా ఇష్టం. పొంగింది నీ సబ్బా, నా నూనెనా?"

"సబ్బేలే."

"ఆ ముక్క కాగితం మీద రాయి."

ఏడో తరగతిలో బడి మానేసినవాడికి నోటిమాట మీద నమ్మకం ఉండదు. చదువుకున్నవాళ్ల నోటిమాటలకు మోసపోయి మోసపోయి, కాగితం ఒక్కటే నిజమనుకునే దశకు వచ్చాడు జిడ్డు. తను చెబుతూ వాడి చేత రాయించాడు: "మా బావగారి నూనెలో సబ్బు పడింది పూర్తిగా నా వల్లనే. ఇందులో మా బావగారి ప్రమేయం రవ్వంత కూడా లేదు." రవ్వంత అన్న మాట దగ్గర నురగ నసిగాడు. జిడ్డు ఒప్పుకోలేదు. పెళ్లాం చేత సాక్షి సంతకం పెట్టించి, ఎందుకైనా మంచిదని రెండు ప్రతులు తీయించి, ఒకటి వాడికే ఇచ్చాడు. మర్నాడు నురగ నలభై లీటర్ల నూనె తెచ్చి పోశాడు. లెక్క చెల్లిపోయింది.

చల్లారిన గుజ్జు పారబొయ్యడానికి మనసొప్పక, జిడ్డు దాన్ని వీధి చివర కోతమిల్లు రంపం బేరింగుకు పూసి చూశాడు. గంటకోసారి నూనె తాగి కూడా కీచుమనే బేరింగు పది రోజులు నోరెత్తలేదు.

"ఏం పూశావయ్యా? మిల్లులో మనుషుల మాటలు వినపడుతున్నాయి. అదొక్కటే ఇబ్బంది," అన్నాడు మిల్లు యజమాని.

జిడ్డు ఏడుసార్లు కాచి, ఏడుసార్లు చెడగొట్టి, ఎనిమిదోసారి అదే గుజ్జును మళ్లీ తెచ్చాడు. ఇక నిద్ర పట్టలేదు. డబ్బు మీద కాదు ధ్యాస. ముద్ర కొట్టిన సర్కారు కాగితం మీద, 'కనిపెట్టినవాడు' అన్నచోట తన అసలు పేరు ఉండాలి. ఆ తరువాత ఆ కాగితం పటం కట్టించుకుని పోయినా పరవాలేదనుకున్నాడు.

పేటెంట్ల ప్లీడరు దగ్గరికి నురగ కూడా వెంట వచ్చాడు, తోడుగా.

"కనిపెట్టిందెవరు?" అన్నాడు ప్లీడరు.

"నేనేనండి," అన్నాడు జిడ్డు.

నురగ జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ప్లీడరు రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశాడు.

"ఈ 'రవ్వంత' ఎవరు రాయించారు?"

"నేనే," అన్నాడు జిడ్డు, ఫ్యాను వైపు చూస్తూ.

"చాలా పకడ్బందీగా రాయించారు. నా వల్ల కూడా అయ్యేది కాదు."

"ఎనిమిదిసార్లు కాచి చచ్చింది నేను గదండీ."

"కాచారు. ఆయన కనిపెట్టినదాన్ని."

"పైగా నూనెకు నూనె పోశాను బావా," అన్నాడు నురగ మెత్తగా. "ఆ గుజ్జు కూడా నాదే అవుతుంది."

నాలుగు రోజులు ఇద్దరూ ఆ కాగితం మీదే కొట్లాడుకున్నారు. అయిదోనాడు జిడ్డు పెళ్లాం ఇద్దర్నీ కూర్చోబెట్టింది.

"ఏమండీ, మీకు పేరు కావాలి. ఒరేయ్, నీకేం కావాలో నోరు తెరిచి చెప్పు."

"కిటికీ వైపు చోటు కావాలక్కా. చీకట్లో సబ్బులు ఆరట్లేదు, బూజు పడుతున్నాయి. అదిస్తే అన్నీ బావే కనిపెట్టాడని పది కాగితాల మీద రాస్తాను. సబ్బును కూడా బావే కనిపెట్టాడని రాస్తాను."

"వెటకారాలొద్దు," అన్నాడు జిడ్డు. అన్నాడే గానీ, అప్పటికే టేపు తెచ్చి నేల కొలుస్తున్నాడు. వారంలో ఆ చోటు నురగ పేర రిజిస్ట్రేషను, పది రోజుల్లో పేటెంటు దరఖాస్తు. వీధిలో కాస్త ఛాతీ విరుచుకుని నడిచాడు కూడా.

ఎనిమిది నెలలకు ప్లీడరు కబురు పంపాడు.

"తిప్పి పంపారండి. నూనెలో సబ్బు కలిపి కాస్తే గ్రీజవుతుందట. అసలు గ్రీజంటేనే అదట. వందేళ్ల పైనుంచీ లోకమంతా అలాగే చేస్తోందట."

"ఆ ముక్క మీకు ముందు తెలియదా?"

"నేను ప్లీడర్ని. గ్రీజు మీ వృత్తి కదండీ."

జిడ్డు చెప్పులేసుకుని బయటపడ్డాడు. ముప్పై ఏళ్లుగా మోచేతులదాకా పూసుకున్న గ్రీజులో ఏముంటుందో ఒక్కనాడైనా ఎవణ్ణీ అడగలేదు. అడిగితే చదువు లేదని తెలిసిపోతుందని భయం.

షెడ్డుకు వచ్చేసరికి నురగ కిటికీ కింద సబ్బులు పేర్చుకుంటున్నాడు.

"పేరు రాలేదురా. నా చోటు నాకిచ్చెయ్యి."

"ఇస్తా బావా, ఎక్కడికి పోతుంది. ఈ సబ్బులు ఆరనీ."

మూడేళ్లయింది. అవి ఇంకా ఆరుతూనే ఉన్నాయి. ఎవరడిగినా జిడ్డు లెక్క తడుముకోకుండా చెబుతాడు: పొడుగు పదహారడుగులు, వెడల్పు తొమ్మిది, మొత్తం నూట నలభై నాలుగు చదరపు అడుగులు, కిటికీ కాకుండా.