పులి నుదుట బొట్టు

పటంలో బొమ్మ చుట్టూ అమర్చే మౌంటు బోర్డు అంచును వాలుగా కోసి, మిగులు ముక్కను గోటితో విడదీసి మల్లయ్య ఊపిరి వదిలాడు. అరవై రెండేళ్ల మనిషి. సుత్తి దెబ్బలకు ఎడమ బొటనవేలి గోరు ఏనాడో నల్లబడి అలాగే నిలిచిపోయింది. కరీంనగర్‌లో ముప్పై ఏళ్లు దేవుళ్ల పటాలు కట్టాడు. కూతురి దగ్గరికి వచ్చాక, అమెరికాలోని అల్ఫారెట్టాలో ఒక కొరియా ఆవిడ నడిపే దుకాణం వెనుకగదిలో ఆరేళ్లుగా అదే పని. పెళ్లి ఫొటోలు, డిగ్రీ పత్రాలు, ఎవరెవరివో పెంపుడు కుక్కల చిత్రాలు అతని చేతులమీదుగా గోడలకెక్కాయి. ఏ పటం వెనుకా అతని పేరు లేదు. ఉండాలని అతను కోరుకోనూ లేదు.

ఈ ఉదయం బల్లమీద ఉన్నది పులి. చెట్టుబెరడుతో చేసిన పాత కాగితం మీద, కొమ్మ కింద కూర్చుని, గుడ్లు రెండూ ముక్కువైపు తిప్పుకుని, భయపెట్టబోయి తానే వెరగుపడినట్టుంది. పైకొమ్మన నలుపు తెలుపుల పిట్ట ఒకటి దానిని ఎగతాళి చేస్తోంది.

పదకొండు రోజుల కిందట యూన్ గారు దానిని స్వయంగా తెచ్చారు. ఎనభై నాలుగేళ్ల వృద్ధుడు. ముక్కుకు ప్రాణవాయువు గొట్టం. ఏటా కొత్త సంవత్సరానికి తమ కొరియాలో ఇటువంటి బొమ్మను వాకిలి తలుపుకు అంటిస్తారనీ, పిట్ట శుభవార్త తెస్తుందనీ, పులి చెడును గడప దాటనివ్వదనీ ఆయన నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పారు. పులి దొరలాంటిది, పిట్ట మనలాంటిది, అందుకే నవ్వుతోందని చెప్పి తానూ నవ్వబోయి దగ్గారు. అది ఆయన తల్లి గీసినది. ఆస్పత్రివాళ్లు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపారట. పులి తోడుంటే చాలన్నారు. నాలుగు రోజుల్లో ఇస్తానని మల్లయ్య మాట ఇచ్చాడు.

మర్నాడు మహర్నవమి. ఏటా చేసినట్టే అతను స్నానం చేసి వచ్చి, కోత యంత్రానికీ సుత్తికీ పటకారుకూ గంధం పూసి, తడి కుంకుమతో బొట్టు పెట్టాడు. పక్కన పులి కనిపించింది. మహిషుణ్ణి కూల్చిన తల్లిని మోసిన వాహనం; దానిని వదిలేసి చేయి ముందుకు పోలేదు. భక్తితోనే దాని నుదుట వేలు ఆనించాడు. ఆ కాగితం దాహంతో ఉన్నదానిలా ఎరుపును పీల్చుకుంది. తడి దూదితో అద్దితే మరక రూపాయి బిళ్లంత అయింది.

అక్కడితో ఆగి చెప్పి ఉంటే పొరపాటుగా పోయేది. అతను రంగులు కొని తెచ్చాడు. పసుపుమీద పసుపు, చారమీద చార, ఆరనిచ్చి మళ్లీ ఒక పొర. నాలుగో రోజు యూన్ గారు ఫోన్ చేస్తే అద్దం ఇంకా రాలేదన్నాడు. ఆరో రోజూ అదే మాట, తొమ్మిదో రోజూ అదే మాట. అద్దమేమో బల్ల కింద గోడకు ఆనించే ఉంది.

పని ముగించి, పటం వెనుక కాగితం అంటిస్తూ కూతురు విద్యకు ఫోన్ చేసి, ఇన్నాళ్లు దాచింది చెప్పాడు. ఆమె ఆఫీసులో ఉండి కూడా నవ్వింది.

"కారుకు నిమ్మకాయలు పెట్టినట్టు పులికి బొట్టు పెట్టినవా నాయినా? గింత టెన్షన్ ఎందుకే? సారీ చెప్పు, అయిపోతది. ఇక్కడోళ్లు ఫీల్ కారు."

"బొట్టుకు కాదు బిడ్డా," అన్నాడు. "అద్దం రాలేదని చెప్పిన. మూడుసార్లు చెప్పిన."

ఆమె నవ్వు ఆపి, పటం తీసుకుని ఇవ్వాళే పొమ్మంది.

పటాన్ని దుప్పటిలో చుట్టి, దుకాణం వ్యానులో పెట్టుకుని బయలుదేరాడు. దారి పొడుగునా రాబోయే మాటలను ఇంగ్లీషులో కూర్చుకున్నాడు. ముందు క్షమాపణ చెప్పాలా, మరక చూపాలా అన్నది తేలలేదు. ఆయన కోపగించుకుంటే మేలనిపించింది. నవ్వేస్తే ఆ నవ్వును మోయడమే కష్టం.

తలుపు తీసిన స్త్రీ తన పేరు గ్రేస్ అనీ, యూన్ గారి కూతురిననీ చెప్పింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం నిలకడగా ఉంది. తెల్లవారుజామున నాన్న పోయారంది. బాధపడలేదట. దేహాన్ని తీసుకువెళ్లేవారు వచ్చి వెళ్లారట.

మల్లయ్య చెప్పులు విడిచి, దుప్పటి విప్పి, పటాన్ని ఆమె చేతికి అందించాడు. ఆమె పులిని చాలాసేపు చూసింది. ఆమెకు మరక కనబడలేదు. అప్పుడే తిరిగి వెళ్లిపోవచ్చు. అతను వెళ్లలేదు.

"అద్దం ముందే వచ్చింది," అన్నాడు, కూర్చుకున్న మాటలన్నీ చెదిరిపోగా. "నేను అబద్ధం చెప్పాను. పులి నుదుట మరక చేశాను. దానిని దాచడానికే ఇన్ని రోజులు పట్టింది."

గ్రేస్ తల ఎత్తలేదు.

"నిన్న సాయంత్రం కూడా అడిగారు," అంది. "అద్దం లేకపోయినా ఫరవాలేదు, పులిని పంపమని చెప్పు అన్నారు. షాపు మూసేసి ఉంటారని నేనే ఫోన్ చెయ్యలేదు."

ఆ తప్పులో తానూ పాలు తీసుకున్నట్టుగా ఆమె అన్న ఆ చివరి మాటను అతను భరించలేకపోయాడు. పటాన్ని తిరిగి తీసుకుని, ఎక్కడ పెట్టమంటారని అడిగాడు. ఆమె తండ్రి గదివైపు చూపింది.

పక్కబట్టలు తీసేసిన మంచం ఉంది. పటం పట్టుకుని అతను గోడవైపు తిరిగాడు. జీవితమంతా మేకులను నిలబడిన మనిషి చూపుకు సరిపోయే ఎత్తున కొట్టాడు అతను. ఇక్కడ మాత్రం నడుము ఎత్తున, దిండుమీది తల కదపకుండానే కనిపించే చోట, చుట్టూ గోడ పెచ్చు లేచి, ఈమధ్యే కొట్టిన, ఇంకా తుప్పు ఎరగని మేకు ఒకటి ఖాళీగా ఉంది.