శకుంతల తీసిన పత్తా

హనుమకొండ చౌరస్తా దగ్గర శకుంతలకు ఒక పుస్తకాల దుకాణం ఉండేది. పలకలు, నోటుబుక్కులు, పరీక్షల గైడ్లు, ఒక మూలకు పాత పుస్తకాలు. అసలు ఆ దుకాణం ఆమె భర్త వీరభద్రానిది. ఆయన పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక అది శకుంతల మీద పడింది. పొద్దున లేచి ఆయనకు ఒళ్లు తుడిచి, తినిపించి, పక్కింటి బక్కమ్మను కాపలా కూర్చోబెట్టి, తాళాలు తీసుకుని బయల్దేరేది. పొద్దుగూకేదాకా దుకాణంలో నిలబడి ఇంటికి పోతే మళ్లీ ఆయన పని. ఎవరన్నా ఎట్లున్నవని అడిగితే "ఉన్న" అనేది. అంతకన్నా చెప్పే ఓపిక ఉండేది కాదు.

1981 ఎండాకాలంలో హైదరాబాదు నుంచి వచ్చిన పాత పుస్తకాల మూటలో ఆమెకు ఒక అట్టపెట్టె దొరికింది. లోపల బొమ్మల పత్తాలున్నాయి. పేకాట పత్తాల కంటే పొడుగ్గా, ప్రతి దాని మీదా ఒక రంగుల బొమ్మ. వాటితో పాటు ఇంగ్లీషులో ఒక సన్నటి పుస్తకం. పెట్టె మీద 'టారట్' అని రాసి ఉంది. పెళ్లికి ముందు పీయూసీ దాకా చదివింది కాబట్టి, డిక్షనరీ పక్కన పెట్టుకుని మెల్లగా కూడబలుక్కుంది. పొద్దున్నే పత్తాలు కలిపి ఒకటి తీయాలట. ఆ బొమ్మకు పుస్తకంలో ఏం రాసి ఉందో చూసుకుని, ఆ రోజు దాన్ని మనసులో పెట్టుకోవాలట.

మొదటిసారి తీస్తే కట్టెలు మోసే మనిషి వచ్చాడు. ఆ మోపులో అతని మొహం కూడా కనిపించడం లేదు. 'నీ బరువు నువ్వే ఎత్తుకున్నావు, కొంత దించు' అని ఉంది పుస్తకంలో. శకుంతలకు నవ్వొచ్చింది. దించితే అందుకునేదెవరు? అయినా ఎవరో తనను పట్టి చూసినట్టనిపించి ఆ పత్తాను చాలాసేపు చేతిలోనే పెట్టుకుంది. అప్పటి నుంచి తలుపులు తెరవగానే ఒకటి తీయడం అలవాటైంది.

ఆ సంగతి దాగలేదు. పక్కన గాజుల దుకాణం కమల ముందు చూసింది. తర్వాత నోటుబుక్కుల కోసం వచ్చిన టీచరమ్మలు చూశారు. పరకాల బస్సు కోసం నీడకు నిలబడే రైతులు కూడా లోపలికి తొంగి చూడసాగారు.

"నాకు జర చూడరాదమ్మా, బావి ఇంకింత తవ్వియ్యాల్నా, వద్దా?" అన్నాడు యాకయ్య అనే రైతు ఒకరోజు.

శకుంతల పత్తాలు పరిచింది. అతను ఒకటి తీశాడు. ఆమె పుస్తకం విప్పి చదివి, "జర ఆగుమంటాంది" అంది. మనసు మీది బండ ఎవరో దించినట్టు యాకయ్య దండం పెట్టి పోయాడు.

అట్లా రోజుకు ఇద్దరో ముగ్గురో రావడం మొదలైంది. కొడుకు పాసవుతడా, మొగడు తాగుడు మానుతడా, బర్రె చూలు నిలబడుతదా. ఆమె ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. తన మాటగా ఒక్క ముక్కా చెప్పేది కాదు. పుస్తకంలో ఏముంటే అది. అట్లయితే తప్పు తనది కాదు కదా అనుకునేది. కానీ వాళ్లు వదిలిపోయిన దిగుళ్లు మాత్రం ఆమెతోనే ఉండిపోయేవి. సాయంత్రం తాళం వేసే వేళకు పెదవి కదిపే శక్తి ఉండేది కాదు. ఇంటి దగ్గర వీరభద్రం వంకరపోయిన నోటితో ఏదో అడిగితే, రెండోసారి అడిగేదాకా వినిపించేది కాదు.

వానలు మొదలయ్యాక కమల తన సంగతి బయటపెట్టింది. చాలా నెలలుగా ఆమెకు రక్తం పోతూ ఉంది.

"డాక్టరమ్మ గర్భసంచి తీసెయ్యాలంటాంది అక్కా. మా పెద్దక్క గట్లనే ఆపరేషనుకు పోయి మళ్ల ఇంటికి రాలే. నాకు కాళ్లు చేతులు ఆడుతలెవ్వు."

"మీ ఆయన ఏమంటాండు?"

"నీ ఇష్టం అంటాండు. నా ఇష్టమేందో నాకు తెలుస్తాందా? నువ్వు పత్తా చూడు."

కమల తీసిన బొమ్మలో ఒకామె కళ్లకు గంతలు కట్టుకుని, రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టుకుని కూర్చుని ఉంది. 'మనసు తేటపడే దాకా ఆగు' అని ఉంది పుస్తకంలో. శకుంతల ఉన్నదున్నట్టు చెప్పింది. కమల ఆగింది. మర్నాడు మళ్లీ వచ్చి తీసింది. ఆ తర్వాత రోజూ అంతే. ఒకనాడు పొమ్మన్నట్టుండేది, ఒకనాడు వద్దన్నట్టుండేది. వద్దన్ననాడు కమల తేలిగ్గా ఊపిరి పీల్చుకునేది. పొమ్మన్ననాడు "రేపు ఇంకోపాలి చూద్దాం" అనేది. మొహం పాలిపోతోంది, గాజులు చూపిస్తూ ఆయాసపడుతోంది. శకుంతల చూస్తూనే ఉంది. దవాఖానకు పొమ్మని నోటిదాకా వచ్చేది. జరగరానిది జరిగితే? ఇంట్లో ఒక మనిషి భారమే మోయలేకపోతోంది, ఇంకొకరి ప్రాణానికి తను పూచీ పడగలదా?

శ్రావణమాసం గిరాకీలో కమల తన గాజుల దుకాణంలోనే కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లు చల్లితే లేచి కూర్చుంది. ఆమె చీర నెత్తురుతో తడిసి ఉండటం శకుంతల చూసింది. కమల మాత్రం గోడ పట్టుకుని మెల్లగా పుస్తకాల దుకాణంలోకి వచ్చి, ఎప్పటి స్టూలు మీదే కూర్చుంది.

"పత్తాలు తియ్యక్కా."

శకుంతల పత్తాలు కలపలేదు, పరచలేదు. కట్టంతా వెతికి ఒక పత్తా బయటికి లాగి కమల ముందు పెట్టింది. పెద్ద సూర్యుడు, కింద తెల్లగుర్రం మీద నవ్వుతున్న చంటిపిల్లవాడు.

"ఏమంటాంది బుక్కు?"

"మంచిగైతవంటాంది. ఇప్పుడే పోవాలె," అంది శకుంతల. పుస్తకం తెరవనే లేదు. "లే, నేను గూడ వస్త."

బేరాలు నడుస్తుండగానే దుకాణం తలుపులు వేసింది. కమల భర్త రాజేశ్వర్ రావు రిక్షా పిలుచుకొచ్చాడు. సర్కారు దవాఖానలో రక్తం ఎక్కించి, మర్నాడు ఆపరేషన్ చేశారు. ఆ రెండు రోజులూ శకుంతల ఇంటికీ దవాఖానకూ మధ్య తిరిగింది. బక్కమ్మ విసుక్కుంది. వీరభద్రం ఆలస్యంగా తిన్నాడు. కమలకు ఏమన్నా అయితే ఆ సూర్యుడి బొమ్మ తీసింది తన చెయ్యేనన్న ఆలోచన ఆమెను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

కమల బతికింది. ఇంకో వారం ఆగి ఉంటే బతికేది కాదని డాక్టరమ్మ రాజేశ్వర్ రావును కోప్పడింది.

నాలుగో రోజు మధ్యాహ్నం శకుంతల ఫ్లాస్కులో జావ తెచ్చి, కమలను దిండుకు ఆనించి తాగిస్తోంది. రెండు గుక్కలు తాగి కమల ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ పత్తా నువ్వే తీసినవ్ గదక్కా. ఏరి తీసినవ్. నేను చూసిన."

శకుంతల తల దించుకుంది. "మరి తెలిసి గూడ ఎందుకొచ్చినవే?"

"నువ్వు రమ్మన్నవని వచ్చిన. ఇన్ని దినాలు నీ నోటి నుంచి ఆ మాట వస్తదేమోనని చూసిన. నువ్వేమో బుక్కు దిక్కే చూడవడితివి."

శకుంతల ఫ్లాస్కు కింద పెట్టింది. మంచం పట్టె మీద కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కమల ఆమెను ఊరుకోబెట్టలేదు. వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. పక్క మంచం మీదున్నామె శకుంతలను కమల చుట్టమే అనుకుని "ఏం కాదమ్మా, మంచిగనే ఉన్నది గదా" అని ధైర్యం చెప్పింది.

మళ్లీ దుకాణం తెరిచిన రోజే హసన్‌పర్తి నుంచి మొగిలమ్మ అనే ఆమె వచ్చింది. కోడలితో పడటం లేదట, వేరు పడాలో వద్దో పత్తాలు చూసి చెప్పమంది.

"పత్తాలు పక్కకు పెట్టిన, చెల్లె," అంది శకుంతల, స్టూలు ముందుకు జరిపి. "కూసో. అసలు సంగతేందో చెప్పు."

మొగిలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. చాలా పెద్ద కథ. మొదటి నుంచీ నిలబడే ఉన్న శకుంతల నడుం పట్టేసి, నోటుబుక్కుల కట్ట ఒకటి కిందికి లాగి దాని మీద కూర్చుని వింది.