పెట్టె దిగిన గొంగడి

నేను ఒక నల్ల గొంగడిని. ఈ క్షణాన నా ఒక కొస ఎల్లవ్వ పిడికిట్లో ఉంది, రెండో కొస ఆమె కోడలు స్వరూప చేతిలో ఉంది. పొద్దుటి నుంచి ఇద్దరూ లాగుతూనే ఉన్నారు.

"ఇడువు అత్తమ్మా, డ్యూటీకి టైమైతుంది."

"ఇడువ. బీరప్ప పండుగకు పరిచే గొంగడి ఇది. ఊరోళ్ల నెత్తుట్ల పొర్లిచ్చెతందుకు నేశిండా మీ మామ?"

పళ్లు తోముకుంటున్న కొడుకు కొమురెల్లి నురగ మధ్య నుంచి తీర్పు చెప్పాడు. "సగం సగం కోసుకోండ్రి." అత్తాకోడళ్లు ఆ రోజుకి ఏకమై చూసింది అప్పుడొక్కసారే, అతని వైపు.

స్వరూపది 108 బండిలో ఉద్యోగం. దెబ్బలు తగిలినవాళ్లను ఆసుపత్రికి చేర్చేదాకా వాళ్ల ప్రాణం ఆమె చేతిలోనే. బండిలో ఇచ్చిన దుప్పటి కాగితంలా ఉందనీ, ఈ వానల్లో అది ఎందుకూ చాలదనీ వారం నుంచి పోరుతోంది.

నా ఉన్ని వడికింది ఎల్లవ్వ. నేసింది ఆమె భర్త బీరయ్య. చింతగింజల గంజి పట్టించి ఎండలో ఆరేసినప్పుడు, వాన చుక్క నాలోకి దిగదని ఊరంతా చెప్పుకుంది. అంత గట్టిదాన్ని కనుకే నన్ను పెట్టెలో దాచారు. గొర్రె ఒంటి మీది వెచ్చదనాన్ని కత్తిరించి తెచ్చి, దాన్ని ఎవరికీ కప్పకుండా మడతపెట్టడం మనుషులకే చేతనవును.

ఆరేళ్ల కిందట బీరయ్యను ట్రాక్టరు గుద్దింది. కాలు నలిగి నెత్తురు కారుతుంటే ఎవరో "కప్పెతందుకు ఏదన్న తేండ్రి" అని కేకేశారు. ఎల్లవ్వ పరుగున వచ్చి పెట్టె మూత తీసింది. ఆమె చెయ్యి నా మీద పడింది. ఒక్క క్షణం ఆగింది. మూత పడింది. బయట బిందెడు చన్నీళ్లు కుమ్మరించిన చప్పుడు, కొంగుతో విసురుతూ ఆమె ఏడ్చిన ఏడుపు చీకట్లోనే విన్నాను. బీరయ్య బతకలేదు. ఆ రోజు నుంచి నాకు మడతలో స్థిమితం లేదు.

బయట బండి హారన్ మోగింది. ఎల్లవ్వ అటు చూసిన అరక్షణంలో స్వరూప నన్ను చంకనేసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం జోరువానలో, నాలుగు రోడ్ల కూడలి దగ్గర స్కూటీ మీది నుంచి ఒక టీచరమ్మ పడిపోయి ఉంది. తొడ చీరుకుపోయింది. ఆమె తమ్ముడు సీసాలకు సీసాలు నీళ్లు మొహం మీదా, గాయం మీదా పోస్తున్నాడు.

"పొయ్యకు తమ్మీ!" స్వరూప సీసా లాక్కుంది. గాయాన్ని అదిమి గట్టిగా కట్టు కట్టింది. బండి ఎక్కించగానే తడి బట్టలు కత్తిరించి తీసేసి, పొడి షీటు చుట్టి, పైన నన్ను కప్పింది. ఫోనులో డాక్టరును అడిగి, నెత్తురు నిలవడానికి సూది వేసింది.

తమ్ముడు నన్ను లాగబోయాడు. "గొంగడేంది మేడం? జర గాలాడనియ్యుండ్రి."

"గాలి కాదు, ఆమెకు వేడి గావాలె. ఒళ్లు సల్లబడితే నెత్తురు గడ్డకట్టదు. ఎంత కట్టు కట్టినా కారుతనే ఉంటది."

నా కింద ఆ శరీరం వణికింది. బండి గుంతల్లో ఎగిరిపడుతోంది. స్వరూప మాటిమాటికీ చెయ్యి దూర్చి కట్టు తడుముతోంది, పేరు పిలుస్తోంది. నాకు తెలిసిన పని ఒక్కటే. ఉన్న వేడిని బయటికి పోనివ్వకుండా పట్టుకోవడం. ఆసుపత్రి గేటు దాటేసరికి వణుకు తగ్గింది. కట్టు మీది మరక పెరగడం ఆగింది.

మర్నాడు పెరట్లో స్వరూప నన్ను తొట్టిలో నానేసింది. నీళ్లు ఎర్రబడ్డాయి. ఎల్లవ్వ వచ్చి గట్టు మీద కూర్చుంది. నేను తిట్ల కోసం ఎదురుచూశాను.

"బతికిందా?"

"బతికింది. ఆపరేషన్ అయ్యింది."

"నీళ్లు పొయ్యద్దన్నవంట గదా. డ్రైవరు చెప్పిండు."

 అత్త అడుగుతున్నది ఎవరి గురించో స్వరూపకు అర్థమైంది. "అప్పుడెవరికి ఎరుక అత్తమ్మా? మామకు తగిలిన దెబ్బ మస్తు పెద్దది. ఏం చేసినా పానం నిలుస్తుండెనో లేదో ఎవరం చెప్పలేం."

ఎల్లవ్వ గట్టు దిగింది. నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు తనే పోసింది.

నేను ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. ఆదివారం అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు ఎల్లవ్వ నన్ను మడతపెట్టి తెచ్చింది. పెట్టె వైపు వెళ్లలేదు. గుమ్మం పక్కనున్న స్వరూప డ్యూటీ సంచి మీద నన్ను పెట్టి, వచ్చి తన కంచం ముందు కూర్చుంది.

"నెత్తురంటుతదని ఆనాడు పెట్టె మూసిన," అంది, ఎవరి మొహమూ చూడకుండా. కొమురెల్లి చేతిలో ముద్ద ఆగిపోయింది. "పండుగకు చాప పరుసుకుందం. ఇది ఇగ బండిలనే ఉంటది."