కృపమ్మ గొంతు

కొల్లేటికోటలో కృపమ్మ పాట ఎత్తుకుంటే యేసు గుడి బయట చెప్పులు విప్పుకుంటున్నవాళ్ళు కూడా ఆగి వినేవారు. అలాంటి గొంతు ఆ వేసవిలో బొంగురుపోయింది. జలుబే అనుకుని ఉప్పునీళ్ళు పుక్కిలించింది. తగ్గలేదు. పొద్దున లేస్తే నోరంతా చేదు, గొంతులో ఏదో అడ్డంపడ్డట్టు ఉండేది. ఒక ఆదివారం పైస్థాయికి వెళ్ళబోతే గాలి తప్ప స్వరం రాలేదు. మిగతావాళ్ళు పాట పూర్తిచేశారు. కేన్సరేమోనన్న భయం ఆమెను లోలోపల తొలిచేసింది.

భర్త వరదానం ఏలూరు తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ సన్నటి కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి పంపి, పక్కనున్న తెరను చూడమంది.

"ఈ... అనండమ్మా."

కృపమ్మ అంది. తెర మీద రెండు తెల్లటి పట్టీలు దగ్గరకొచ్చి వణికాయి. ఊపిరి పీల్చగానే విచ్చుకున్నాయి.

"ఏంటండీ అవి?"

"మీ గొంతేనమ్మా. మీ పాటంతా పుట్టేది అక్కడే. నిజానికి వేలిగోరంత ఉంటాయి, అంతే."

కృపమ్మకు ఒళ్ళు జలదరించింది. గుడి నిండిపోయే పాట ఇంత చిన్నచోటు నుంచా! చిన్నప్పటి నుంచీ పాడుతోంది, ఒక్కనాడూ వాటిని తలచుకోలేదు.

"గడ్డలేం లేవు, భయపడకండి. వెనకాల ఎర్రగా వాచింది, చూశారా? కడుపులో పులుపు ఇక్కడిదాకా ఎగదన్నుతున్నట్టుంది. రాత్రి ఎప్పుడు తింటారు?"

కృపమ్మ తలదించుకుని ఉన్నది చెప్పింది. వరదానం చేపల చెరువు పని ముగించుకుని వచ్చేసరికి ఊరు మాటుమణిగేది. అప్పుడు ఇద్దరూ కారం, చింతపండు దట్టించిన పులుసుతో కడుపారా తిని, వెంటనే నడుం వాల్చేవారు.

"మందు రాస్తాను, కానీ అదొక్కటే చాలదు. పడుకోడానికి మూడు గంటల ముందే తినెయ్యండి, అదీ కొంచెమే. పులుపూ కారం తగ్గించండి. పరగడుపున టీ వద్దు. మంచానికి తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టుకోండి."

బస్సులో కృపమ్మ అంది: "మీరు రాకుండా నేనెలా తినేదండీ?"

వరదానం మర్నాడు పొద్దుండగానే ఇంటికొచ్చాడు.

"అన్నం పెట్టు. తినేసి మళ్ళీ పోతాను."

"మరి చెరువో?"

"పక్కచెరువు బెంజమిన్ని చూడమన్నాను. ఈలోగా చేపలేం ఎగిరిపోవులే."

సొరకాయ కూర, పప్పు. ఆయన తనకు వేరే వండమనలేదు. తిన్నాక ఇద్దరూ చెరువు గట్టు మీద నడిచేవారు. సంచి ముక్కుల గూడకొంగలు రెక్కలు కదపకుండానే ఆకాశమంత బారుగా దిగి వచ్చేవి. ఇన్నాళ్ళూ ఆ వేళకు పొయ్యి దగ్గరుండే కృపమ్మ నోరు తెరుచుకుని చూసేది.

ముందు చేదు పోయింది. తర్వాత గొంతులో అడ్డు కరిగింది. మధ్యలో ఓ పెళ్ళివిందులో రొయ్యల వేపుడు చూసి ఆగలేక తింటే, మళ్ళీ వారం రోజులు గొంతు బొంగురుపోయింది కూడా.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం, ఎవరూ అడక్కుండానే పాట ఎత్తుకుంది. పైస్థాయి దగ్గరకొచ్చేసరికి కళ్ళు మూసుకుంది. స్వరం తేలిగ్గా లేచింది, నిలిచింది. పక్కనున్న ఆడవాళ్ళు పాడ్డం మానేశారు. కృపమ్మే ఎవరో పాడుతున్నట్టు విస్తుపోయి వింది.

బయట సంఘపెద్ద జ్ఞానయ్యగారు అడిగారు: "ఏం మందమ్మా అది?"

"మందు కొన్నాళ్ళే వాడానండి. పెందరాళే అన్నం తింటున్నాను, అంతే."

అంటుంటే ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.