మెరకమీది రెండో ఆకుమడి

పల్లపు పొలాలున్న మేం ఏటా రెండు ఆకుమళ్లు పోస్తాం. మొదటిది చేలోనే. ఊడ్పులకు కావలసిన నారంతా అందులోంచే వస్తుంది. రెండోది ఎవరిదో మెరకనేల అద్దెకు తీసుకుని, పదిహేను రోజులు వెనగ్గా పోస్తాం. ఊడ్చిన చేను వానకు మునిగి కుళ్లితే మళ్లీ ఊడ్చుకోవడానికి అది. నాలుగేళ్లలో మూడేళ్లు దానితో పనిపడదు. విత్తనాలు, దుక్కి, కాపలా అన్నీ దండగే. ఆ దండగకి మా దివిసీమలో ఏడ్చినవాణ్ణి నేను చూడలేదు. పనిపడని ఆకు మునిగినవాళ్లకి ఇచ్చేస్తాం. పరాయివాళ్లయితే కట్టకింత అని తీసుకుంటాం. అయినవాళ్ల దగ్గర తీసుకోం.

మా బావమరిది రామ్‌ప్రసాద్ నాకు షేర్ల సంగతి ఈ ఆకుమడితో పోల్చే చెప్పాడు.

అతను నా భార్య సత్యవతికి తమ్ముడు. గుడివాడలో మ్యూచువల్ ఫండ్ల ఆఫీసు పెట్టుకున్నాడు. మాదీ వాళ్లదీ ఒకే ఊరు. ఊళ్లో తన వాటా మూడెకరాలు కూలీలతో చేయించుకుంటాడు. రెండేళ్ల కిందట నా పొలంలో కొంత రోడ్డు కింద పోయి పంతొమ్మిది లక్షలు పరిహారం వచ్చినప్పుడు, పెరట్లో పీట వేసుకుని కూర్చుని చెప్పాడు.

"ఫండ్లు నీ చేను బావా. వాటిని నేను మారుస్తుంటా. వరి కోశాక మినుము చల్లుతాం కదా, అలా. ఏ ఫండు ఎప్పుడు పండితే అప్పుడు దాంట్లోకి."

"మునిగితే?"

"అడుగుతావని తెలుసు. దానికి పుట్ అని ఒకటుంది. నెలకి ఆరు వేలు అవుద్ది, మార్కెట్ నిదానంగా ఉంటే ఇంకా చవగ్గా దొరుకుద్ది. మార్కెట్ పడిందనుకో, పడినకొద్దీ దాని విలువ పెరుగుద్ది. పడకపోతే ఆ ఆరు వేలూ పోయినట్టే. నీ రెండో ఆకుమడి."

"అలా చెప్పు," అన్నాను.

"ఒరే ప్రసాదూ, మీ బావకి ఆకు, ఊడుపు అంటే గానీ తలకెక్కదురా," అంది సత్యవతి.

నవ్వుకున్నాం. సంతకాలు పెట్టాను. ఫోనుకి ఓటీపీ నంబరు వచ్చినప్పుడల్లా అతనికి చదివి చెప్పేవాణ్ణి. ఒకటో తారీఖున ఆరు వేలు అతని ఖాతాకి పంపేవాణ్ణి. రక్షణ డబ్బులు అనేవాడు వాటిని. మెరకమీది ఆకుమడిని రోజూ పొద్దున్నే వెళ్లి చూసుకునే నేను, ఈ రెండేళ్లలో ఆ కాగితాలు ఒక్కసారీ చూపించమనలేదు. పెళ్లాం తమ్ముణ్ణి కాగితం అడగడమేంటని.

ఈ ఏడు వేసవిలో భావనారాయణ గారు కబురు చేశారు. నేను పన్నెండేళ్లుగా ఆకుమడికి తీసుకునే అరవై సెంట్ల మెరక ఆయనదే. బందరులో ఉంటారు.

"అమ్మేస్తున్నానయ్యా. రొయ్యల చెరువుల వాళ్లు తిరుగుతున్నారు. నువ్వు తీసుకుంటానంటే నీకే."

ఇరవయ్యొక్క లక్షలకి కుదిరింది. లక్ష బయానా ఇచ్చాను. ఆషాఢంలో రిజిస్ట్రేషను. మా ఊరి చుట్టూ మిగిలిన మెరక అదొక్కటే. అందులో చెరువు తవ్వారంటే ఉప్పునీళ్లు పక్క చేలకీ దిగుతాయి. ఇక రెండో ఆకుమడి పోయడానికి చోటుండదు. అది లేకుండా పల్లంలో వరి పెట్టే ధైర్యం నాకు లేదు.

అప్పటికి నా డబ్బు ఇరవై రెండు లక్షలయింది. తీసేద్దామా అని రామ్‌ప్రసాద్‌కి ఫోను చేశాను. ఇంకా నెలన్నర ఉందిగా, ఉండనీ అన్నాడు. పది రోజులకి మార్కెట్ పడటం మొదలైంది. టీవీలో చూసి మళ్లీ చేశాను.

"కంగారెందుకు బావా? రక్షణ ఉందిగా. ఇప్పుడే అది పెరిగేది. కదపమాకు."

కదపలేదు. ఇంకో మూడు నాలుగు వారాలు పడింది. నాకు నిద్ర పట్టింది. రక్షణ ఉందిగా.

రిజిస్ట్రేషను శుక్రవారమనగా సోమవారం పొద్దున్నే బయల్దేరి, బందరులో బస్సు మారి గుడివాడ వెళ్లాను. ఆఫీసులో టీవీ నిండా ఎర్ర అంకెలు. బెంచీల మీద నలుగురు దిగాలుగా కూర్చున్నారు. రామ్‌ప్రసాద్ అద్దాల గదిలో ఉన్నాడు. ఉప్మాలో జీడిపప్పు ఏరి ముందు తిని, తర్వాత ఉప్మా తింటున్నాడు. నేను బయటే ఆగి చూశాను. చేను మునిగిన రైతుని దూరం నుంచి నడకలో పట్టగలను నేను. ఇతని చేను మునగలేదు.

"బాబాయ్ గారూ, మీ కాగితాలు తీస్తున్నానండీ. డబ్బు తీయాలంటే సంతకం కావాలి," అంది కంప్యూటరు దగ్గరున్న అమ్మాయి. ప్రియాంక అని, పెదన నుంచి వస్తుంది.

"పుట్‌వి కూడా తియ్యమ్మా."

నాలుగు కాగితాలు ఇచ్చింది. మాది వీధిబడి చదువే, అంకెలూ తారీఖులూ తెలుస్తాయి. ఒక కాగితం మీద పుట్ అన్న మాట మూడుసార్లుంది. మూడూ మొదటి ఏడాదివే, వరసగా మూడు నెలలు. ఆ తర్వాత ఏమీ లేదు.

"మిగతావి ఏవమ్మా?"

"అంతేనండీ." తెర పైకీ కిందికీ జరిపి చూసింది. "ఫండ్ల విలువ పదహారు లక్షల చిల్లరండీ. అయ్యో, మీవింకా చిన్న కంపెనీల ఫండ్లలోనే ఉన్నాయే! సారువి బంగారం ఫండులోకి నెల కిందటే మార్చామండీ. అప్పుడే మీవీ మార్చేశారనుకున్నాను."

నెల కిందట. నేను రెండోసారి ఫోను చేసిన వారం అది.

అద్దాల గదిలోకి వెళ్లి కాగితం అతని ముందు పెట్టాను. చెంచా కింద పెట్టాడు.

"కూర్చో బావా. అక్క బాగుందా?"

"ఇరవయ్యొక్క నెలల ఆరు వేలు ఏమయ్యాయి?"

"అసలు విను. మొదటి మూడు నెలలూ కొన్నా. దండగైపోయాయి. తర్వాత మార్కెట్‌లో వణుకే లేదు. వోలటిలిటీ అంటాం. అది బాగా తగ్గిపోయింది. అంత నిదానంగా ఉన్నప్పుడు రక్షణ ఎందుకులే అని..."

"అప్పుడది చవగ్గా దొరుకుద్దని నువ్వే చెప్పావు."

ఉప్మా ప్లేటు పక్కకి జరిపాడు.

"కొననప్పుడు తీసుకోవడమెందుకు?"

"ఆఫీసు అద్దె, జీతాలు... ఎటూ పోయే డబ్బేగా బావా! నువ్వు పోయిందనుకునే పంపావు. పడకపోతే నీకూ తేడా లేదు, నాకూ లేదు."

"నీవి మార్చుకున్నావు."

"అవి మా ఆవిడ పేరునున్నాయి, అడిగింది..."

"నావి కూడా మార్చాల్సింది."

అతను అద్దంలోంచి బెంచీల వైపు చూసి గొంతు తగ్గించాడు. "నీవి అమ్మితే, రక్షణ ఉండగా ఎందుకని అడిగేవాడివి, సంగతి బయటపడేది. మళ్లీ లేస్తుందిలే అనుకున్నా. ఇంకో ఆర్నెల్లు ఆగావంటే నీ ఇరవై రెండూ నీకొస్తాయి, నాదీ పూచీ."

డబ్బు తీసే కాగితం మీద సంతకం చేసి వచ్చేశాను. వెనకనుంచి, "అక్కకి చెప్పమాకు బావా," అన్నాడు.

చెప్పాను. సత్యవతి బియ్యం చెరుగుతోంది. చేట ఆగింది. మళ్లీ చెరిగింది.

రిజిస్ట్రేషను ఖర్చుతో కలిపి ఐదు లక్షలు తక్కువ. సత్యవతి బంగారం సేద్యపు పెట్టుబడికి అప్పటికే బ్యాంకులో తాకట్టులో ఉంది. శుక్రవారం బందరులో రిజిస్ట్రారు ఆఫీసు ముందు వేపచెట్టు కింద భావనారాయణ గారు నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. డబ్బు చాలలేదని చెప్పాను.

"నేనయితే ఆగేవాణ్ణేనయ్యా, చెరువుల వాళ్లు ఆగరు. మా కోడలి ఆపరేషను ఉంది."

"వాళ్లకే రాయండి. పోసిన ఆకు తీసుకునేదాకా గడువిమ్మనండి."

బయానా తిరిగి ఇవ్వబోయారు. సగమే తీసుకున్నాను. చెరువుల వాళ్లు శ్రావణం ఆఖరుదాకా ఒప్పుకున్నారు.

శ్రావణంలో నాలుగు రోజులు విడవకుండా కురిసింది. మా చేనూ మునిగింది, రామ్‌ప్రసాద్ మూడెకరాలూ మునిగాయి. నీళ్లు తీశాక మెరకమీది ఆకుతో మళ్లీ ఊడ్చాను. నాకు సరిపోగా సగం మిగిలింది. అది కూడా పీకించి కట్టలు కట్టించి గట్టు మీద పెట్టాం. సత్యవతి కూడా వచ్చింది.

మధ్యాహ్నానికి కారు వచ్చి ఆగింది. ప్యాంటు మడుచుకుని బురదలో నడుస్తూ వచ్చాడు రామ్‌ప్రసాద్.

"బావా, నాది మొత్తం కుళ్లింది. మూడొందల కట్టలు కావాలి. ఉందిగా?"

"ఉంది."

వెనక్కి తిరిగి కూలీలని పిలవబోయాడు.

"కట్ట ఇరవై," అన్నాను.

నవ్వాడు. నేను నవ్వలేదు. కూలీలు గట్టు మీద ఆగిపోయారు.

"నాకా బావా?" అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు. "ఏంటక్కా ఇది?"

సత్యవతి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని కట్టల దగ్గర వంగింది. పుట్టినప్పటినుంచి ఒరే అని తప్ప పిలవలేదు వాణ్ణి.

"మూడొందలేనాండీ?" అంది. "డబ్బులు ముందు పంపండి. నేను లెక్కపెట్టి ఇస్తాను."

అతను జేబులోంచి ఫోను తీశాడు. నా జేబులో ఫోను మోగింది. ఆరు వేలు.

ఆమె ఒకటి నుంచి మొదలుపెట్టి, ఒక్కో కట్టా అందిస్తూ మూడొందలదాకా పైకి లెక్కపెట్టింది.