బెస్సీ తిన్నదా?

"బెస్సీ తిన్నదా?"

లోకోషెడ్డు నుంచి వచ్చి, సైకిలు గోడకు ఆనించి, బూట్లు విప్పకముందే మా ఆయన అడిగే మొదటి మాట అదే. తిన్నదని నేను వంటింట్లోంచే చెప్పేదాన్ని. కార్జం మిగిల్చిందా, బొక్క మొత్తం నమిలిందా, నీళ్లు మార్చినవా అని వరసగా అడిగేవాడు. అన్నిటికీ జవాబు చెప్పేదాన్ని. పెళ్లైన ఇన్నేళ్లలో నువ్వు తిన్నావా అని ఆయన నన్ను అడిగిన గుర్తు లేదు. అడగలేదని కూడా అప్పటిదాకా నాకు తట్టలేదు. అలా అడగడం ఆయనకు వచ్చునని బెస్సీ వచ్చాకే తెలిసింది.

కాజీపేట రైల్వే క్వార్టర్లలో మా వెనక వరసలో ఉండే మెయిల్ డ్రైవరు విల్సన్ దొర, డెబ్బై ఎనిమిదిలో సామానంతా అమ్ముకుని భార్యతో ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. పోతూ పోతూ తన కుక్కను మా ఆయన చేతిలో పెట్టాడు. గొర్రెల్ని కాసే జాతి అట. మెడ చుట్టూ తెల్లటి జూలు, వీపంతా గోధుమరంగు పొడవాటి బొచ్చు, సన్నటి మూతి. ఆ సాయంత్రం మిసెస్ విల్సన్ నన్ను తన వంటింట్లోకి పిలిచి, ఎలా పెట్టాలో చేసి చూపించింది. "ఉడికిన బొక్క ఇవ్వొద్దు రాహేల్. పగిలి కడుపులో గుచ్చుకుంటది. అన్నీ పచ్చివే," అంది కళ్లు తుడుచుకుంటూ. పచ్చి మాంసం, పచ్చి కార్జం, మెత్తటి బొక్కలు, పైన ఒక గుడ్డు కొట్టిపోసి కాస్త క్యారెట్ తురుము. కుక్కను ఇచ్చింది మా ఆయనకు, పని అప్పగించింది నాకు. ఎవరికీ అందులో వింత కనిపించలేదు. నాకు కూడా.

బెస్సీ ఒకచోట పడి ఉండే జీవి కాదు. పరిగెత్తించకపోతే కోళ్లనూ, ఆడుకునే పిల్లలనూ చుట్టి చుట్టి గోడ మూలకు తోలేది. అందుకని తెల్లవారకముందే దాన్ని రైల్వే గ్రౌండుకు తీసుకుపోయేదాన్ని. వచ్చేటప్పుడు కసాయి దుకాణం ముందు కొంగు తల మీదికి లాక్కుని నిలబడేదాన్ని. ఇంటికొచ్చి కత్తిపీట ముందు కూర్చుని మాంసం ముక్కలు చేయాలి. సాయంత్రం వాటా చెడిపోకుండా తడిగుడ్డలో చుట్టి నీళ్లకుండ పక్కన ఇసుకలో పెట్టాలి. ఎండాకాలంలో ఆ గుడ్డను గంటగంటకూ తడపాలి, నేను బడిలో ఉంటే అత్తమ్మను బతిమాలాలి. తర్వాత దాని బొచ్చు దువ్వాలి. ఇవన్నీ అయ్యాక వంట, అత్తమ్మకు వేన్నీళ్లు, మా కూతురు సలోమికి జడలు. పరుగెత్తుకుంటూ బడికి పోతే రెండో తరగతి పిల్లలు నాకోసం ఎదురుచూస్తుండేవాళ్లు. ఒకరోజు హెడ్‌మిస్ట్రెస్ స్టాఫ్ రూములో అందరి ముందూ, "రాహేలు టీచర్, నీ దగ్గర పచ్చి మాంసం వాసనొస్తాందని పిల్లలు ముక్కులు మూసుకుంటాండ్లు. జర చేతులు మంచిగ కడుక్కొని రారాదు?" అంది. ఇంటికొచ్చి ఆయనకు చెబితే నవ్వి, "మంచి సబ్బు తెస్త తీ," అన్నాడు. ఒక పూట నేను కోస్తానని అంటాడేమోనని ఆయన మొహంలోకి చూశాను. సబ్బు మాత్రం మర్చిపోకుండా తెచ్చాడు.

ఆఫీసర్లు బెస్సీని చూడడానికి వచ్చేవాళ్లు. మా ఆయన దాని జూలులో వేళ్లు పోనిచ్చి, "పచ్చి మాంసం మీదనే పెంచుతాన్న సార్. ఒక్క పూట గూడ తప్పనియ్య," అనేవాడు. ఆ మాట నాకు వంటింట్లోకి వినిపించేది. నేను టీ వడకట్టేదాన్ని.

మరుసటి ఏడు మళ్లీ నెల తప్పాను. దవాఖానలో డాక్టరమ్మ నా కింది రెప్ప లాగి చూసింది, గోళ్లు చూసింది. "ఒంట్ల రక్తమే లేదు కదమ్మా. రోజూ కార్జం తిను, గుడ్డు తిను," అంది. నాకు నవ్వొచ్చింది. రోజూ రెండు పూటలా నా వేళ్ల మధ్య జారే వస్తువే అది.

ఇంట్లో చెప్పాను. మా అత్త మరియమ్మ, "తొమ్మిది మందిని కన్న. కార్జం మొఖం చూసి ఎరుగ," అంది. మా ఆయన, "తిను. ఎవలొద్దన్నరు?" అన్నాడు. నిజమే, ఎవరూ వద్దనలేదు. కానీ ఇంట్లోకి వచ్చే కార్జం బెస్సీది. నాకోసమని ఇంకొంచెం తెమ్మని కసాయిని అడగడానికి నాకు నోరు రాలేదు. ఇల్లు మనది, వస్తువు మనది, ఆకలి మాత్రం నాది ఒక్కదానిదే అయినట్టు సిగ్గుగా ఉండేది. ఒక సాయంత్రం బెస్సీ వాటాలోంచి అరచేతి మందం ముక్క పక్కకు తీసి, ఉప్పూ మిరియాలూ వేసి పొయ్యి మీద పెట్టాను. వాసనకు మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి, మూకుడులోకి తొంగి చూశాడు.

"ఏందే, కుక్క నోటికాడిది తీస్తివా?"

కోపంగా అనలేదు. హాస్యానికి అన్నాడు. వెనక నుంచి అత్తమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. వాళ్లతో కలిసి నేను నవ్విన ఆ నవ్వే ఇప్పటికీ గొంతులో అడ్డుపడుతుంది. ఆ ముక్క మా సలోమికి తినిపించి మూకుడు తోమేశాను. మళ్లీ ఎప్పుడూ తీయలేదు.

బెస్సీ ఎదకు వచ్చినప్పుడు సికింద్రాబాదులో ఎవరో కర్నల్ దగ్గర అదే జాతి మగకుక్క ఉందని, మా ఆయన లీవు పెట్టి, గార్డు పెట్టెలోని కుక్కల గూట్లో దాన్ని తీసుకుపోయాడు. దాని కడుపూ నా కడుపూ కలిసే పెరిగాయి. కడుపు అడ్డం పడుతుంటే పక్కకు తిరిగి కూర్చుని దానికోసం మాంసం కోసేదాన్ని. వానలు మొదలయ్యాక అది ఐదు పిల్లల్ని పెట్టింది. ఆ రోజంతా మా ఆయన దాని పక్కనే గోనెపట్టా మీద కూర్చున్నాడు. ఆయన చెయ్యి దాని తల మీద అంత నెమ్మదిగా కదలడం గుమ్మంలోంచి చూస్తూ ఉండిపోయాను.

తర్వాత కొద్ది రోజులకే, నాకు ఎనిమిదో నెలలో, కత్తిపీట ముందు కూర్చున్నదాన్ని లేవబోతే చీర తడిసింది. కింద మాంసం రక్తం, దాంట్లో నాది. పక్కింటి యాకమ్మ నన్ను రిక్షాలో ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయింది. కొడుకు పుట్టాడు. ఏడవలేదు. గుడ్డలో చుట్టకముందు ఒక్కసారి చూపించారు. కనుబొమ్మలు అచ్చం మా ఆయనవే. సాయంత్రం ఆయన డ్యూటీ బట్టలతోనే వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చాడనే అనుకుంటాను. "లీవు దొరకలే," అన్నాడు.

నన్ను ఇంటికి తెచ్చి చివరి గదిలో పడుకోబెట్టారు. వద్దన్నా పాలు వచ్చాయి. అత్తమ్మ పాత చీరతో రొమ్ములు బిగించి కట్టి, వెల్లుల్లి కారం అన్నం పెట్టి, "మర్చిపో బిడ్డా, మళ్ల పుడ్తరు," అంది. ఆమెకు తెలిసిన ఓదార్పు అదే కావచ్చు. తొమ్మిది మందిలో నలుగుర్ని ఆమె కూడా అలాగే మర్చిపోయి ఉంటుంది, లేదా మర్చిపోయానని చెప్పుకుని ఉంటుంది. ఆ మధ్యాహ్నం ముందు గదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"బాలింత గదనే అమ్మా. ఇప్పుడే మంచిగ పెట్టాలె. కార్జం డబుల్ చెయ్యాలె. లేకపోతె నీరసపడిపోతది."

దిండు మీంచి తల ఎత్తాను. ఇన్నేళ్లకు నా తిండి గురించి ఆయన మాట్లాడుతున్నాడు. వాళ్లమ్మతో, నేను వినకుండా, నాకోసం. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఐదు పిల్లలు తాగుతానయి గదా," అన్నాడాయన.

తల మళ్లీ దిండు మీద పెట్టాను.

కాసేపటికి ఆయనే గుమ్మంలోకి వచ్చాడు. "రాహేలు, జర లేస్తవా? పచ్చి మాంసం ముట్టుకుంటె అమ్మకు కక్కొస్తాంది. నువ్వు దవాఖాన్ల ఉన్నన్ని దినాలు బెస్సీ సరిగ తినలే."

లేచాను. ఎందుకు లేచావని మీరు అడగొచ్చు. ఆ ఇంట్లో పిలిస్తే లేవకుండా ఉండడం ఎలాగో నాకు తెలియదు. గోడ పట్టుకుని పెరట్లోకి పోయి, కోసి, తట్టలో పెట్టాను. బెస్సీ వెంటనే తినలేదు. నా దగ్గరకొచ్చి, తడిసిన జాకెట్టును వాసన చూసి, నా మోకాలి మీద మూతి ఆనించింది. దాని పిల్లలు వెనక కుయ్ కుయ్ మంటున్నాయి. దాని మీద నాకు కోపం రాలేదు. ఆ ఇంట్లో నా ఒంటి సంగతి తెలిసింది దానికే.

కళ్లు తెరిచి గునగునా నడిచే ఈడు రాగానే పిల్లల్ని ఒక్కొక్కదాన్నే ఆఫీసర్లకు ఇచ్చేశాడు. బెస్సీ క్వార్టర్ల వరసలన్నీ వెతికింది. తట్టలో మాంసం ఈగలు ముసిరి నల్లబడింది. "జంతువు. రెండు దినాల్ల మర్చిపోతది," అన్నాడు మా ఆయన. మర్నాడు పొద్దున దాన్ని గ్రౌండుకు తీసుకుపోయి గొలుసు విప్పాను. అది పరిగెత్తింది. ఎవరూ లేని ఆ మైదానంలో వంగి వంగి, చుట్టూ తిరిగి, లేనివాటినన్నిటినీ ఒకచోటికి తోలుకొచ్చి నిలబడి నావైపు చూసింది. బిడ్డ పోయిన తర్వాత నేను మొదటిసారి గట్టిగా ఏడ్చింది అక్కడే, ఆ తడిగడ్డిలో కూర్చుని.

చలికాలం వచ్చింది. నేను మళ్లీ ఆయన మంచం మీద పడుకోవడం మొదలుపెట్టాను. ఎప్పుడు, ఎలా అని నన్నెవరూ అడగలేదు. ఒకరోజు మధ్యాహ్నం బడిలో పర్మిషన్ తీసుకుని ఒక్కదాన్నే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. "మళ్లీ కడుపైతే నువ్వు దక్కవమ్మా. ఉన్న బిడ్డకు తల్లి ఉండాలె గదా," అందామె. ఆపరేషన్ సంగతి అడిగాను. వచ్చే బేస్తవారం రమ్మంది. దారిలో గుడిలోకి పోయి వెనక బెంచీ మీద కూర్చున్నాను. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవడం పాపమని మా ఫాదర్ చెప్పేవాడు, క్షమించమని అడగడానికే పోయాను. కానీ ఎంతసేపు కూర్చున్నా ఏం తప్పు చేశానో తేలక లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రమే మా ఆయన హుషారుగా వచ్చాడు. పెద్దసారు తనకూ ఒక కుక్కపిల్ల కావాలన్నాడట.

"మళ్ల ఎదకొచ్చింది గద, రేపు పొద్దుగాల బండికి బెస్సీని సికింద్రాబాద్ కర్నల్ కాడికి తీస్కపోత. మంచిగ దువ్వి తయారు చెయ్యి."

నేను పెరటి మెట్ల మీద కూర్చుని బెస్సీ మెడలో చిక్కుపడ్డ బొచ్చు విడదీస్తున్నాను. చెయ్యి ఆపలేదు.

"అది పోదు," అన్నాను.

"ఏంది?"

"బెస్సీ పోదు. నేను బేస్తవారం దవాఖాన్ల చేరుతాన్న. ఆపరేషన్‌కు. డాక్టరమ్మతోని మాట్లాడిన."

లోపల అత్తమ్మ "మరియ తల్లీ" అంటూ సిలువ గుర్తు వేసుకుంది. మా ఆయన నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కొట్టడు, తెలుసు. కొట్టే మనిషైతే నాకు ఇన్నేళ్లు పట్టేది కాదేమో.

"ఎవలనడిగి?" అన్నాడు.

గొలుసు నా మణికట్టుకు చుట్టుకుని లేచి నిలబడ్డాను.

"ఈ ఇంట్ల ఇగ ఎవ్వరం కనం."